నిద్రకు కావలి

“పది నుంచి వెనక్కి లెక్కపెట్టండమ్మా” అంది మత్తు డాక్టరమ్మ.

పది, తొమ్మిది, ఎనిమిది... ఏడు అన్నానో, అనబోయానో ఇప్పటికీ గుర్తులేదు. మరుక్షణంలో ఎవరో భుజం తట్టి “అయిపోయిందమ్మా, కళ్ళు తెరవండి” అన్నారు. మరుక్షణం అని నేననుకున్నది గడియారం లెక్కలో రెండుంపావు గంట. ఆ మధ్యలో నా కడుపు కోశారు, గర్భసంచి తీశారు, మళ్ళీ కుట్టేశారు. ఇంత జరిగితే నాకు తెలిసింది మాత్రం సున్న.

నిజం చెప్పొద్దూ, నాకు కత్తి భయం లేదు. భయమల్లా ఆ మత్తు గురించే. ముందురోజు రాత్రి ఆస్పత్రి మంచం మీద పడుకుని, రేపు లేవకపోతే ఎలాగా అనుకుంటూ సగంలో ఉన్న నవల గురించీ, పరీక్షలున్న మా అమ్మాయి గురించీ, ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయిన ఇడ్లీపిండి గురించీ దిగులుపడ్డాను. నవ్వకండి. చావుభయంలో కూడా ఇడ్లీపిండి గుర్తుకు రాని ఇల్లాలు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. “హాయిగా నిద్రపోయి లేచావు, ఇంకేం!” ఒక్క మా మేనకోడలు మాత్రం ఒప్పుకోలేదు. అది మెడిసిన్ చదువుతోంది.

“అది నిద్ర కాదత్తా. నిద్రపోయే మనిషిని సూదితో గుచ్చితే లేచి కూర్చుంటుంది. నిన్ను కత్తితో కోసినా నువ్వు లేవలేదు.”

“మరేమిటే అది?”

“కాస్త మర్యాదగా చెప్పాలంటే, మందుతో తెప్పించి, పని అయ్యాక వెనక్కి పంపించేసే కోమా.”

మర్యాదగా చెప్తేనే ఇలా ఉంది!

ఆరు వారాలు బరువులెత్తకూడదన్నారు. పుస్తకాలు బరువులోకి రావని నాకు నేనే తీర్మానించుకుని, మేనకోడలి చేత లైబ్రరీ నుంచి తెప్పించుకుని చదవడం మొదలుపెట్టాను. బి.ఏ. చదివినదాన్ని, వైద్యశాస్త్రం నాకెలా కొరుకుడు పడుతుందని మీరనుకోవచ్చు. శాస్త్రం సంగతి అటుంచండి, దాని వెనకాల ఉన్న కథ ఏ నవలకీ తీసిపోలేదు.

ఆ కథలోకి వెళ్ళేముందు మా అమ్మమ్మని ఒకసారి తలుచుకోవాలి. మధ్యాహ్నం పూట బియ్యం ఏరుతూ ఆవిడ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి వెళ్ళాడు. అక్కడ పద్నాలుగేళ్ళూ రెప్ప వాల్చకుండా కాపలా కాయాలి. అందుకని నిద్రాదేవి ఆయన వాటా నిద్ర కూడా ఊర్మిళకే ఇచ్చేసింది. ఆవిడ అంతఃపురంలో పద్నాలుగేళ్ళు అలా పడుకునే ఉండిపోయింది. “అన్నేళ్ళు పడుకుంటే భయం వెయ్యదా అమ్మమ్మా?” అని అడిగితే, ఆవిడ చేట మీంచి తల ఎత్తకుండానే “ఎవరో ఒకరు మేలుకుని ఉంటే ఇంకొకరు పడుకోవచ్చే” అనేది. ఆ మాటకి అర్థం నాకు ఆపరేషన్ అయ్యాకగానీ బోధపడలేదు.

మనిషిని మనిషి నిద్రపుచ్చే ఈ విద్యకి ఆధునిక చరిత్ర వియన్నా డాక్టరు ఫ్రాంజ్ మెస్మర్‌తో మొదలవుతుంది. ఆయన 1778లో పారిస్ చేరాడు. విశ్వమంతా ఒక అయస్కాంత ద్రవం నిండి ఉందనీ, అది ఒంట్లో సరిగా ప్రవహించకపోతే జబ్బులొస్తాయనీ, తన చేతులతో దాన్ని సరిచెయ్యగలననీ ఆయన వాదన. ఒక పెద్ద కొయ్యతొట్టి, అందులోంచి ఇనుపకడ్డీలు, చుట్టూ గొప్పింటి ఆడవాళ్ళు, మంద్రంగా సంగీతం. డాక్టరు గారు వచ్చి చేతులు ఆడించగానే కొందరు వణికేవారు, కొందరు మూర్ఛపోయేవారు. మన పల్లెల్లో తేలు కుట్టినవాడికి వేపమండతో పైనుంచి కిందకి నిమురుతూ మంత్రం వేస్తారు చూడండి, చేతుల కదలిక ఇంచుమించు అలాంటిదే. కాకపోతే పారిస్‌లో ఫీజు ఎక్కువ.

1784లో పదహారో లూయీ రాజు దీని నిజానిజాలు తేల్చమని ఒక సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజే వంటివాళ్ళున్నారు. మెస్మర్ తను రాలేదు గానీ, ఆయన శిష్యుడు దెలాన్ పరీక్షకి ఒప్పుకున్నాడు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకి ఈ శక్తి ఎక్కించి, కళ్ళకి గంతలు కట్టిన పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చి వదిలారు. వాడు ఒక్కో చెట్టునే కౌగలించుకుంటూ వెళ్ళి, నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. కానీ శక్తి ఎక్కించింది ఆ చెట్టుకి కాదు! ద్రవమూ లేదు, గివమూ లేదు, ఇదంతా కల్పనాశక్తి చేసే పని అని సంఘం తేల్చేసింది.

తేల్చేశారు సరే. కల్పన ఒక పిల్లవాణ్ణి నిలువునా పడగొట్టగలిగితే, అది తక్కువ సంగతా? కల్పన అమ్ముకుని బతికేదాన్ని, నాకైతే అది చాలా పెద్ద సంగతిగానే తోచింది. ఆ పెద్దమనుషులు మాత్రం అక్కడితో ఆగిపోయారు. రాజుగారికి విడిగా ఒక రహస్య నివేదిక కూడా ఇచ్చారట. మగ వైద్యుడు చేతులాడిస్తుంటే ఆడ రోగులు వశం తప్పిపోతున్నారు, ఇది నీతికి ప్రమాదం అని. ద్రవం లేదని నిరూపించినవాళ్ళు ఈ ప్రమాదం మాత్రం ఉందని ఒప్పుకున్నారు. స్పృహ లేని మనిషి పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్న అప్పుడే పుట్టిందన్నమాట.

విచిత్రమేమిటంటే మెస్మర్ రోగులు ఎక్కువగా వణికేవారు, కేకలు పెట్టేవారు. నిద్రపోయినవాడు వేరే. అదే 1784లో పూయీసెగుర్ అనే ఫ్రెంచి జమీందారు, తన ఊరి రైతు కుర్రవాడు విక్టర్‌కి జ్వరం తగ్గించబోతే, వాడు హాయిగా ఆయన చేతుల్లో నిద్రలోకి జారుకుని, ఆ నిద్రలోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

తరవాత మనవాడొకాయన వచ్చాడు. గోవాలో కందోలిమ్ అనే ఊళ్ళో 1756లో పుట్టిన ఫాదిరీ, అబే ఫారియా. 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, నా చేతుల్లో ఏ శక్తీ లేదు, నిద్ర వచ్చేది నిద్రపోయేవాడి మనసులోంచే అని చెప్పాడు. మెస్మర్ కొయ్యతొట్టి అవసరం లేదు, కుర్చీలో కూర్చోబెట్టి “నిద్రపో” అంటే చాలన్నాడు. ఆ రోజుల్లో జనం ఆయన్ని వెక్కిరించారు. ఈ రోజుల్లో పణజీ వెళ్ళినవాళ్ళకి మాండవీ నది ఒడ్డున, ఒక స్త్రీ మీదికి చేతులు చాచి నిలబడ్డ ఆయన విగ్రహం కనిపిస్తుంది. ఎందుకో నా చూపు మాత్రం ఆయన మీద కాదు, వెనక్కి వాలిపోతున్న ఆవిడ మీదే ఆగిపోతుంది.

1843లో మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ దీనికి గ్రీకుల నిద్రదేవుడు హిప్నాస్ పేరు తగిలించి ‘హిప్నాటిజం’ అని ప్రచారం చేశాడు. ఇది అసలు నిద్రే కాదు, మనసు ఒకే విషయం మీద నిలిచిపోవడం అని కొన్నాళ్ళకి ఆయనకే తెలిసొచ్చి, పేరు మార్చబోయాడు. కానీ పెట్టిన పేరు ఊరికే పోతుందా?

ఇక్కడినుంచి కథ హుగ్లీకి వస్తుంది. కలకత్తాకి ఎగువన నది ఒడ్డున ఉన్న ఊరు. జేమ్స్ ఎస్‌డేల్ అనే స్కాట్లండ్ డాక్టరు అక్కడ కంపెనీ ఉద్యోగి. మెస్మరిజం గురించి చదవడమే గానీ కళ్ళతో చూసినవాడు కాదు. 1845 ఏప్రిల్ 4న జైలు ఆస్పత్రిలో మాధవ్ కౌరా అనే ఖైదీకి వరిబీజం వైద్యం చేస్తుంటే అతను బాధతో మెలికలు తిరిగిపోయాడు. చూడలేక, పోనీ చేసి చూద్దామని డాక్టరు అతని ముఖం మీద, కడుపు మీద చేతులాడించడం మొదలుపెట్టాడు. మొదట్లో ఏమీ కాలేదు. పట్టు వదలకుండా చేస్తూనే ఉంటే చివరికి ఖైదీ శిలలా అయిపోయాడు. సూదులు గుచ్చారు, మోకాలి మీద నిప్పు పెట్టారు, ఘాటైన అమోనియా ముక్కు దగ్గర ఉంచారు. చలనం లేదు. డాక్టరు జడ్జినీ కలెక్టరునీ పిలిపించి మరీ చూపించాడు.

అందరూ చూశారు, ఆశ్చర్యపోయారు. మాధవ్ కౌరాని మాత్రం, నీ మీద ఈ ప్రయోగం చెయ్యొచ్చా అని అడిగినవాళ్ళు లేరు. ఖైదీని అడిగేదేమిటి! ఆపరేషన్‌కి ముందు నాచేత మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నప్పుడు విసుక్కున్నాను. ఈ కథ చదివాక ఆ విసుగు పోయింది.

ఎనిమిది నెలల్లో ఎస్‌డేల్ 70కి పైగా ఆపరేషన్లు ఈ విధంగానే చేసి, 1846లో పుస్తకం వేశాడు. ఆ రోజుల్లో బెంగాల్లో బోదవ్యాధి వల్ల మగవాళ్ళకి పెద్ద పెద్ద కణితులు వచ్చేవి. 8 పౌన్ల నుంచి 80 పౌన్ల దాకా. అవి మోసుకుంటూ బతకడం నరకం, కోయించుకోవడం అంతకన్నా నరకం. నొప్పి లేకుండా తీస్తాడట అని తెలిసి జనం వచ్చారు. ఇంతమందికి చేతులాడించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆస్పత్రిలో ఉన్న హిందూ, ముస్లిం కుర్రాళ్ళకి, కాంపౌండర్లకీ డ్రెస్సర్లకీ, ఆ పని నేర్పాడు. చీకటి గదిలో రోగిని పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని, దిష్టి తీసినట్టు గంటలకొద్దీ చేతులు ఆడిస్తూ ఉండేవాళ్ళు. కొందరికి ఒక్కరోజు సరిపోదు, రోజుల తరబడి పట్టేది. మత్తు వచ్చాక దొరగారు కత్తితో వచ్చేవాడు. పేరు దొరగారికి వచ్చింది. రాత్రీ పగలూ చేతులు నొప్పెట్టేలా కూర్చున్న ఆ కుర్రాళ్ళ గురించి ఎవరికి పట్టింది?

ఇదే హుగ్లీలో ఒక కోర్టు కేసు కూడా నడిచింది. ఒక మంగలి ఒక పిల్లవాణ్ణి మంత్రంతో మైమరపించి వెంట తీసుకుపోయాడని అభియోగం. ఇలా జరగడం సాధ్యమేనా అని మేజిస్ట్రేటు ఎస్‌డేల్‌ని అడిగితే, ఆయన కోర్టులోనే మనుషుల్ని మెస్మరైజ్ చేసి, సాధ్యమేనని చూపించాడు. అవే చేతులు. కణితి తీయడానికీ అవే, పిల్లల్ని ఎత్తుకుపోవడానికీ అవే.

1846లో బెంగాల్ ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసి ఎస్‌డేల్‌ని పరీక్షించమంది. అందులో ఒక సభ్యుడి పేరు చూసి నేను లేచి కూర్చున్నాను. ఓషాగ్నెసీ! కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్ర ప్రొఫెసరు. ఈ దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించినాయన. మన గంజాయిని మందుగా పరీక్షించి 1839లో పాశ్చాత్య వైద్యులకి పరిచయం చేసింది కూడా ఈయనే. కీళ్ళనొప్పులతో ఉన్న ఒక రోగికి గంజాయి మందు ఇస్తే, వాడి చెయ్యి ఎత్తి ఎలా పెడితే అలాగే గాల్లో నిలిచిపోయిందట. మైనపుబొమ్మలా! కాలేజీ కుర్రాళ్ళంతా మూగిపోయారు. మందుతో అలా చేసినాయన, ఇప్పుడు మందు లేకుండా చేస్తున్నాయన్ని పరీక్షించడానికి కూర్చున్నాడు.

సంఘం చూసింది. కత్తి పడుతున్నప్పుడు కొందరు రోగుల ముఖం వంకర్లు పోయింది, ఒళ్ళు విరుచుకున్నారు. లేచాక మాత్రం నొప్పేమీ తెలియలేదన్నారు. మరి ఆ ముఖం పడ్డ బాధ ఎవరిది? దొరగారిని సంతోషపెట్టడానికి అలా చెప్పారని కొందరన్నారు. నల్లవాళ్ళకి నొప్పే తక్కువ అని కొందరన్నారు. మన నొప్పిని మనం చెప్తే నమ్మని పాపిష్టి కాలం! ఏమైతేనేం, ప్రభుత్వం ఒప్పుకుని, 1846 నవంబరులో కలకత్తాలో ఎస్‌డేల్‌కి ఒక చిన్న మెస్మరిక్ ఆస్పత్రి ఇచ్చింది.

పాపం, ఆయన జాతకం బాగులేదు. సరిగ్గా నెలరోజుల కిందట, 1846 అక్టోబరు 16న, అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఒక రోగికి ఈథర్ పీల్పించి, మెడ మీద కణితి నొప్పి లేకుండా తీయించాడు. ఓడల కాలం కాబట్టి కబురు ఇక్కడికి చేరడానికి కొన్ని నెలలు పట్టింది. లండన్‌లో లిస్టన్ అనే సర్జన్ ఈథర్ వాడి చూసి, ఈ అమెరికా వాళ్ళ ఎత్తు ముందు మెస్మరిజం చిత్తయిపోయిందన్నాడని చెప్తారు. గంటలు, రోజులు పట్టే చేతుల పని ఎక్కడ, నిమిషాల్లో పని చేసే సీసా ఎక్కడ? 1848లో కలకత్తా ఆస్పత్రి మూతపడింది. 1851లో ఎస్‌డేల్ స్వదేశం వెళ్ళిపోయాడు.

1847 నవంబరు 4 రాత్రి ఎడింబరోలో డాక్టర్ సింప్సన్, ఇద్దరు స్నేహితులతో భోజనాల బల్ల దగ్గర క్లోరోఫారం పీల్చి ముగ్గురూ బల్ల కిందకి చేరారు. లేచి, ఇదే కావలసిన మందు అని కేరింతలు కొట్టారు. పురుళ్ళ నొప్పి తగ్గించడం దైవాజ్ఞకి విరుద్ధమని కొందరు గొణిగితే, దేవుడు ఆదాము పక్కటెముక తీసే ముందు ఆయన్ని గాఢనిద్రలో ముంచలేదా అని సింప్సన్ వాళ్ళ గ్రంథంతోనే వాళ్ళ నోరు మూయించాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకి క్లోరోఫారం తీసుకోవడంతో ఆ గొణుగుడూ తగ్గింది. ఆ రోజు డాక్టర్ జాన్ స్నో 53 నిమిషాలపాటు మంచం పక్కనే ఉండి, రుమాలు మీద కొంచెం కొంచెంగా వేస్తూ ఇచ్చాడు.

రాణి కాబట్టి స్నో వచ్చాడు. హానా గ్రీనర్ దగ్గరికి ఎవరొస్తారు? పదిహేనేళ్ళ పిల్ల, ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర ఒక పల్లె. కాలి వేలి గోరు తీయించుకోవడానికి కూర్చుంది, అంతే. 1848 జనవరి 28. క్లోరోఫారం పీల్చిన రెండుమూడు నిమిషాల్లో ప్రాణం పోయింది. గోరుకి ప్రాణం! ఆ తరవాత ఇలాంటి చావులు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. ఆగిపోతున్నది గుండా, ఊపిరా? వైద్యుడు చూడవలసింది నాడినా, శ్వాసనా? నలభై ఏళ్ళు ఈ తగువు తెగలేదు.

ఆ తగువు తీర్చడానికి పూనుకున్న ఊరు ఏదనుకున్నారు? మన హైదరాబాదు!

ఈ సంగతి చదివి నేను సిగ్గుపడ్డాను. నేను బి.ఏ. చదివింది కోఠీ ఉమెన్స్ కాలేజీలో. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది. ఆ రాతిసింహాల పక్కన మెట్ల మీద కూర్చుని నేను, నా స్నేహితురాళ్ళూ తిన్న మిరపకాయ బజ్జీలకి లెక్కలేదు. ఆ రెసిడెన్సీకి సర్జనుగా ఎడ్వర్డ్ లారీ అనే ఆయన ఉండేవాడనీ, హైదరాబాద్ మెడికల్ స్కూలుకి పెద్ద కూడా ఆయనేననీ, ప్రపంచమంతా ఆయన మాట గురించి వాదులాడుకుందనీ ఒక్కరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఊపిరి చూడండి, క్లోరోఫారం గుండెని చంపదు, ఊపిరి ఆగాకే గుండె ఆగుతుంది అని లారీ వాదన. 1888లో ఇక్కడే మొదటి క్లోరోఫారం కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేశారు. లండన్ పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, మీ మనిషినే పంపండి, ఖర్చు నాది అని వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరు ఓడెక్కి వచ్చాడు. నాలుగు వందల పైచిలుకు కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు ఆ ప్రయోగాలకి బలయ్యాయి. ఆ లెక్క చదివినప్పుడు నా కడుపులో కుట్లు ఒకసారి కలుక్కుమన్నాయి. గుండె గురించి వేరే అభిప్రాయంతో వచ్చిన బ్రంటన్, లారీదే రైటు, ప్రమాదం ఊపిరిలోనే ఉందని లండన్‌కి తంతి కొట్టాడు.

ఇక్కడే నాకు ఇష్టమైన మనిషి వస్తుంది. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్శీ అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన మొదటి తరం ఆడపిల్లల్లో ఒకరు. 1889లో పట్టా పుచ్చుకుంది. లారీ దగ్గర క్లోరోఫారం ఇవ్వడం నేర్చుకుని, ఇక్కడి ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి అదే పని చేసింది. ఇంకా నేర్చుకోవాలని 1909లో ఎడింబరో కూడా వెళ్ళింది. ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా ఆవిణ్ణి ఇవాళ చెప్పుకుంటున్నారు. పరదా రోజులు. పరాయి మగవాడి ముందు ముఖం చూపించని బేగములూ, బస్తీ ఆడవాళ్ళూ స్పృహ వదిలేసి పడుకోవాలంటే తల దగ్గర ఎవరుండాలి? పారిస్ పెద్దమనుషులు రహస్య నివేదిక రాసి వదిలేసిన ప్రశ్నకి, నూరేళ్ళ తరవాత మన ఊళ్ళో ఒక ఆడపిల్ల జవాబయి కూర్చుంది. చేతిలో క్లోరోఫారం సీసా, కన్ను రోగి ఊపిరి మీద.

మరి లారీ నెగ్గాడా? సగమే. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, చాలీచాలని క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లుల మీద చూపించాడు. కాబట్టి గుండె మాట ఎత్తినవాళ్ళదీ నిజమే. ఇరవయ్యో శతాబ్దం నడిమికి క్లోరోఫారమే మూలపడింది. లారీ అన్న మాటలో మిగిలింది ఒక్కటి: ఊపిరి మీంచి చూపు తిప్పకు. ఈనాడు ఆపరేషన్ బల్ల మీద వేలికి తగిలించే చిన్న క్లిప్పు ఉంది చూశారూ, కరోనా రోజుల్లో మనందరి ఇళ్ళకీ వచ్చింది, దాని సూత్రం 1970ల్లో జపాను ఇంజనీరు అయోయాగి కనిపెట్టాడు. అది నాడీ చెప్తుంది, నెత్తుట్లో ప్రాణవాయువూ చెప్తుంది. ఇద్దరి తగువూ ఒక్క వేలి కొసన తీరిపోయింది.

చూసేవాళ్ళు లేకుండా మత్తు మాత్రమే ఇస్తే ఏమవుతుందో చెప్పే కథ ఇంకొకటుంది. అది చదివి రెండు రాత్రులు నాకు మామూలు నిద్ర కూడా రాలేదు. 1906 ప్రాంతంలో జర్మనీలో ఫ్రైబర్గ్ డాక్టర్లు కాన్పులకి మార్ఫిన్‌తోపాటు స్కోపలమైన్ ఇవ్వడం మొదలుపెట్టారు. స్కోపలమైన్ అంటే, వినాయక చవితి పత్రిలో మనం పెట్టే ఉమ్మెత్తలో ఉన్న మందే. ‘సంజె నిద్ర’ అని పేరు. ఆ మందు నొప్పిని పూర్తిగా తీసెయ్యదు, నొప్పి జ్ఞాపకాన్ని తీసేస్తుంది. తల్లికి ఒక వస్తువు చూపించి, కాసేపాగి, ఇది ఇందాక చూశావా అని అడిగేవారు. గుర్తుంటే ఇంకొంచెం మందు. చీకటి గది, కళ్ళకి గంతలు, చెవుల్లో దూది. లేచాక పాప పక్కలో. ఎంత సుఖంగా కన్నానో అనుకునేది తల్లి.

ఈ సుఖం మాకూ కావాలని 1914లో అమెరికా ఆడవాళ్ళు సంఘం పెట్టి ఉద్యమం చేశారు. వాళ్ళని తప్పు పట్టను. అంతవరకు వాళ్ళ నొప్పి గురించి అడిగిన నాథుడు లేడు. కానీ ఫ్రైబర్గ్‌లో ఒక్కొక్కరి దగ్గర ఒకరు కూర్చుని చూసేవారు. ఇక్కడ అంతమంది ఏరీ? చాలాచోట్ల మందు ఇచ్చి, పడిపోకుండా మంచానికి కట్టేసి వదిలేశారు. వాళ్ళు అరిచారు, పెనుగులాడారు, లేచాక ఏమీ గుర్తులేదన్నారు. 1915లో ఉద్యమ నాయకురాలు శ్రీమతి కార్మొడీ స్వయంగా కాన్పులో చనిపోయింది. ఆ మందు వల్ల కాదని డాక్టర్లు చెప్పినా, జనానికి నమ్మకం సడలింది.

గుర్తులేని నొప్పి నొప్పేనా? హుగ్లీలో వంకర్లు పోయిన ముఖం అడిగిన ప్రశ్నే ఇది. నాకు తోచింది చెప్తాను. నాకు గుర్తులేకపోవచ్చు, కానీ ఆ గదిలో ఇంకొక మనిషి మెలకువగా ఉంటే ఆ మనిషికి గుర్తుంటుంది. నా నొప్పికి ఆ మనిషి సాక్షి. సాక్షి కూడా లేకపోతే, అప్పుడు ఆ ఆడది నిజంగా ఒంటరిది.

ఇవాళ శాస్త్రం ఈ మూడింటినీ విడదీసి చెప్తోంది. 1929లో హాన్స్ బెర్గర్ మెదడులోని విద్యుత్తు తరంగాలని కాగితం మీద గీయించి చూపించాక అది సాధ్యమైంది. హిప్నాటిజంలో ఉన్నవాడి మెదడు మెలకువగానే ఉంటుంది, ధ్యాస మాత్రం ఒకచోట బిగుసుకుంటుంది. మత్తుమందు కింద ఉన్న మెదడు కోమాకి దగ్గర. మామూలు నిద్ర ఈ రెండూ కాదు, అది మెట్లు మెట్లుగా దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. 1950ల మొదట్లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి, తన ఎనిమిదేళ్ళ కొడుకుని ప్రయోగశాలలో పడుకోబెట్టి, రాత్రంతా యంత్రం ముందు తను మేలుకుని కూర్చున్నాడు. మూసిన రెప్పల కింద కళ్ళు చకచకా కదలడం చూశాడు. కలల నిద్ర అలా బయటపడింది. 1953లో ప్రపంచానికి చెప్పారు. నిద్ర రహస్యం కూడా నిద్రపోయినవాడికి తెలియలేదు, పక్కన మేలుకున్న తండ్రికే తెలిసింది.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు వరండాలో మత్తు డాక్టరమ్మ ఎదురుపడింది. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయేమో. ఆకుపచ్చ టోపీ లేకపోయేసరికి ముందు పోల్చుకోలేకపోయాను. కత్తి పట్టిన డాక్టరుగారికి పండ్లబుట్ట ఇచ్చి వచ్చాను గానీ, ఈ పిల్ల పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“నేను పడుకున్న ఆ రెండుంపావు గంటలూ మీరెక్కడున్నారమ్మా?” అని అడిగాను.

పిచ్చిప్రశ్న అనుకుందో ఏమో, నవ్వింది. “ఎక్కడికీ వెళ్ళలేదండీ. మీ తల దగ్గరే, స్టూలు మీద కూర్చున్నాను.”

పేరు అడిగాను. చెప్పింది. ఇంటికొచ్చి, అమ్మమ్మ పాటల పుస్తకంలో ఊర్మిళ నిద్ర ఉన్న పేజీ మూల, పెన్సిలుతో ఆ పేరు రాసుకున్నాను.